వంశం వేరు, బతుకుతెరువు వేరు

పాశ్చాత్య దేశాల పుస్తక దుకాణాల్లో గత పదేళ్లుగా శిలీంధ్రాలకు పెద్దపీట దక్కింది. 2015లో జర్మన్ అటవీ అధికారి పీటర్ వోలెబెన్ చెట్ల రహస్య జీవితం గురించి రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది. 2020లో మెర్లిన్ షెల్డ్రేక్ 'ఎన్‌టాంగిల్డ్ లైఫ్' వచ్చింది. మరుసటి ఏడాది దానికి రాయల్ సొసైటీ సైన్సు పుస్తక బహుమతి లభించింది. అదే 2021లో కెనడా అటవీ శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ తన జీవితాన్నీ పరిశోధననూ కలిపి అల్లిన 'ఫైండింగ్ ద మదర్ ట్రీ' వెలువడింది. వృక్షశాస్త్ర ప్రయోగశాలల గడప దాటని 'మైకోరైజా' అనే మాట ఈ పుస్తకాల పుణ్యమా అని సాహిత్యాభిమానుల సంభాషణల్లోకి అడుగుపెట్టింది. చెట్టు వేరును శిలీంధ్రం అల్లుకుంటుంది; నేలలోని భాస్వరాన్నీ నత్రజనినీ తెచ్చి ఇస్తుంది; ప్రతిఫలంగా ఆకులు వండిన ఆహారంలో వాటా పుచ్చుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోని సొగసు చదువరిని ఇట్టే కట్టిపడేస్తుంది.

అయితే ఈ పుస్తకాలు చదివి మూసిన పాఠకుణ్ణి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, లోటు బయటపడుతుంది. ఆ శిలీంధ్రాలు ఎవరు? ఎవరి బంధువులు? ఏ ఇంటి నుంచి వచ్చాయి? 'మైకోరైజా శిలీంధ్రాలు' అనే ఒక మంచి జాతి ఉందనీ, పరోపకారం దాని పుట్టుగుణమనీ, అడవి కింద అదొక్కటే అంతటా పరుచుకుని ఉందనీ చాలామంది మనసులో స్థిరపడిపోయింది. శాస్త్రం చెప్పేది ఇందుకు దాదాపు విరుద్ధం. మైకోరైజా అన్నది వంశం పేరు కానే కాదు, బతుకుతెరువు పేరు. ఆ బతుకుతెరువును వేర్వేరు వంశాలు వేర్వేరు కాలాల్లో స్వతంత్రంగా పట్టుకున్నాయి. ఎవరు ఎవరి సంతతి అన్న చరిత్రను పక్కన పెట్టి స్నేహం కథ మాత్రమే చెబితే అది సగం కథ అవుతుంది. అది కూడా తక్కువ ఆసక్తికరమైన సగం.

గందరగోళానికి బీజం ఆ మాట పుట్టుకలోనే పడింది. 1885లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ దాన్ని సృష్టించాడు. ప్రష్యా ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పని మరొకటి: ట్రఫుల్ అనే ఖరీదైన భూగర్భ పుట్టగొడుగును సాగుచేసే ఉపాయం కనిపెట్టడం. ట్రఫుళ్ల కోసం తవ్వుతూ ఆయన ఓక్, బీచ్ వంటి చెట్ల వేళ్ల కొసలు శిలీంధ్రపు తొడుగులు వేసుకుని ఉండటం గమనించాడు. గ్రీకులో శిలీంధ్రానికీ వేరుకూ ఉన్న మాటలను జోడించి 'మైకోరైజా' అన్నాడు. అంటే ఆ పేరు పెట్టింది ఏ జీవికీ కాదు. రెండు జీవులు కలిసే చోటుకు. 'కౌలుదారు' అనే మాట ఒక ఒప్పందాన్ని చెబుతుందే తప్ప ఆ మనిషి ఇంటిపేరును చెప్పదు. ఊళ్లోని కౌలుదారులందరినీ ఒకే కుటుంబంగా లెక్కగట్టిన జనాభా అధికారి ఎంత పొరపాటు చేసినట్టో, మైకోరైజా శిలీంధ్రాలన్నిటినీ ఒకే జాతిగా ఊహించే పాఠకుడూ అంతే పొరపాటు చేసినట్టు.

తెలుగు భాషకు ఇటువంటి నామకరణం కొత్తది కాదు. పుట్ట మీద మొలిచేది పుట్టగొడుగు. తినడానికి పనికిరానిది కుక్కగొడుగు. మొదటిది చోటును బట్టి వచ్చిన పేరు, రెండోది వంటింటి తీర్పు. వీటిలో మొదటి పేరు ఎంత నిశితమైనదో ఆధునిక జీవశాస్త్రం తరువాత రుజువు చేసింది. పుట్టల మీద వానాకాలంలో మొలిచే టెర్మిటోమైసిస్ శిలీంధ్రాన్ని చెదపురుగులు పుట్ట లోపల పెంచి పోషిస్తాయి, అదొక సేద్యం. అయినా అన్ని రకాల గొడుగులకూ ఆ పేరే వ్యాపించింది, పుట్టతో సంబంధం లేనివాటికి కూడా. చోటును బట్టీ పనిని బట్టీ పెట్టిన పేర్లు వ్యవహారానికి బాగా పనికొస్తాయి. బంధుత్వం తెలుసుకోవాలంటే మాత్రం వేరే ఆధారాలు వెతకాలి.

ఆ ఆధారాలతో చూస్తే మైకోరైజా అనే గొడుగు కింద ముఖ్యంగా నాలుగు రకాల బతుకుతెరువులు కనిపిస్తాయి. మొదటిది ఆర్బస్క్యులర్ రకం. శిలీంధ్రం వేరు కణపు గోడను దాటి లోపల చిన్న చెట్టు కొమ్మల వంటి ఆకృతిలో విస్తరిస్తుంది. నాళికా వ్యవస్థ ఉన్న మొక్కల జాతుల్లో సుమారు 72 శాతం ఈ ఏర్పాటు మీదే ఆధారపడ్డాయి. వరి, మొక్కజొన్న, మిరప, వేరుశనగ, మామిడి, వేప, చింత, టేకు అన్నీ ఇందులోనివే. రెండోది ఎక్టోమైకోరైజా, శిలీంధ్రం వేరు కొసకు తొడుగు వేస్తుంది, కణాల మధ్య వల అల్లుతుంది, కణం లోపలికి పోదు. మొక్కల జాతుల్లో 2 శాతానికే ఇది పరిమితం. కానీ పైన్, ఓక్, బర్చ్, సాల వృక్షం వంటి అడవి రాజులు ఆ 2 శాతంలో ఉన్నాయి. మూడోది సుమారు 10 శాతం మొక్కజాతులున్న ఆర్కిడ్ల ఏర్పాటు. నాలుగోది హీథర్, బ్లూబెర్రీ కుటుంబానిది. మొదటి రకంలో శిలీంధ్రాల వంశావళి దాదాపు ఒక్కటే. రెండో రకంలో సుమారు 80 వంశాలు విడివిడిగా అదే వృత్తిలోకి వచ్చాయని ఎస్టోనియాకు చెందిన లేహో టెడెర్సూ బృందం లెక్కలు చెబుతున్నాయి.

మొదటి రకం శిలీంధ్రాల వర్గీకరణ చరిత్ర ఒక అపరాధ పరిశోధక నవలకు ఏమాత్రం తీసిపోదు. ఇవి నేలపైకి గొడుగులెత్తవు. వేరు లోపల బతుకుతాయి, మట్టిలో సిద్ధబీజాలు పెడతాయి. 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్సులో తులాన్ సోదరులు మట్టిలో దొరికిన అటువంటి బీజాల గుత్తులకు 'గ్లోమస్' అని పేరు పెట్టారు. అవి వేళ్లతో కలిసి బతుకుతాయన్న ఊహ అప్పటికి లేదు. 1896లో అదే దేశంలో పియేర్ దాంజార్ పాప్లర్ చెట్ల వేళ్లలో ఒక శిలీంధ్రాన్ని చూశాడు. చెట్టుకు వచ్చిన రోగానికి అదే కారణమని తలచి 'రైజోఫాగస్' అన్నాడు. వేరును తినేది అని అర్థం. ఈనాడు ప్రపంచ ప్రయోగశాలల్లో అందరికంటే ఎక్కువగా అధ్యయనానికి గురవుతున్న ఉపకారి శిలీంధ్రం ఈ నిందాపూర్వకమైన ఇంటిపేరుతోనే చలామణీ అవుతోంది. మట్టిలోని బీజాలకూ వేరులోని శిలీంధ్రానికీ ఉన్న సంబంధాన్ని 1953లో ఇంగ్లండులో బార్బరా మాస్ స్ట్రాబెర్రీ వేళ్ల మీద నిరూపించింది.

ఆ తరువాత చాలా ఏళ్లు వర్గీకరణకు ఆధారం సిద్ధబీజమే. దాని రంగు, పరిమాణం, గోడలో పొరలెన్ని, తంతువు మీద ఎలా అమరింది అన్నవే ప్రమాణాలు. 1974లో గెర్డెమాన్, ట్రాప్ రాసిన గ్రంథం, 1990లో మోర్టన్, బెన్నీ ప్రతిపాదించిన 'గ్లోమేలిస్' క్రమం ఈ పద్ధతిలో పుట్టినవే. పద్ధతిలో నిజాయితీకి లోటు లేదు. లోటు సాక్ష్యంలోనే ఉంది. 1997లో మోర్టన్ బృందమే ఒక విచిత్రాన్ని బయటపెట్టింది. గ్లోమస్ లెప్టోటైకమ్ అని ఒకటి, అకాలోస్పోరా గెర్డెమానీ అని మరొకటి, రెండు వేర్వేరు ప్రజాతుల్లో నమోదై ఉన్నాయి. నిజానికి అవి ఒకే శిలీంధ్రం పెట్టిన రెండు రకాల బీజాలు. ఒకే మనిషి రెండు వేషాల్లో వచ్చి రెండు కుటుంబ కార్డులు పుచ్చుకున్నట్టయింది.

డీఎన్ఏ వచ్చి ఈ నాటకాన్ని మలుపు తిప్పింది. 1993లో సైమన్ బృందం జన్యు క్రమాల తేడాలను కాలమానంగా మార్చి, ఈ వంశం పుట్టుక సుమారు 35 కోట్ల నుంచి 46 కోట్ల ఏళ్ల నడుమ జరిగిందని అంచనా వేసింది. 2001లో ఆర్థర్ ష్యూస్లర్, డానియల్ ష్వార్జాట్, క్రిస్టఫర్ వాకర్ కలిసి ఈ శిలీంధ్రాలను రొట్టె బూజుల గుంపులోంచి విడదీసి 'గ్లోమెరోమైకోటా' అనే స్వతంత్ర వర్గంగా నిలబెట్టారు. 2016లో స్పాటఫోరా నాయకత్వంలోని బృందం పూర్తి జన్యుపటాలను పోల్చి మళ్లీ ఆ హోదాను ఒక మెట్టు దింపి, 'మ్యూకరోమైకోటా' అనే పెద్ద వర్గంలో ఉపవర్గంగా చేర్చింది. ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదంలో నెగ్గేదెవరైనా, వర్ణించిన జాతులు మూడు వందలకు పైబడిన ఈ చిన్న వంశం భూమ్మీది మొక్కల్లో మూడింట రెండువంతులకు మించి పోషిస్తోందన్న సంగతి మారదు.

ఈ వంశపు ప్రాచీనతకు శిలలే సాక్ష్యం. స్కాట్లండులోని రైనీ గ్రామం దగ్గర 1912లో విలియం మెకీ అనే వైద్యుడు కొన్ని వింత రాళ్లను గుర్తించాడు. రోగులను చూడటం ఆయన వృత్తి, రాళ్లను చూడటం వ్యసనం. వేడినీటి ఊటల్లోని సిలికా గడ్డకట్టి, సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కలను కణంతో సహా ఆ రాళ్లలో భద్రపరిచింది. 1994లో రెమీ, టేలర్ బృందం ఆ రాళ్లను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, అగ్లాఫైటన్ అనే వేళ్లు లేని మొక్క కణాల్లో ఈనాటి ఆర్బస్క్యూల్స్ వంటివే స్పష్టంగా కనిపించాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో అంతకంటే పాతవి, సుమారు 46 కోట్ల ఏళ్ల నాటి సిద్ధబీజాలు దొరికినట్టు 2000లో రెడెకర్ బృందం ప్రకటించింది. నిజమైన వేళ్లు ఆ తరువాత గానీ పుట్టలేదు. షెల్డ్రేక్ తన పుస్తకంలో ఒక అధ్యాయానికి 'వేళ్లకు ముందు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టడంలో ఔచిత్యం ఇదే.

ఇక్కడే వర్గీకరణ మరొక పాఠం నేర్పింది. మొక్కను ఒడ్డెక్కించిన ఘనత అంతా గ్లోమస్ వంశానిదే అని చాలాకాలం నమ్మారు. 2011లో బిడార్టోండో బృందం అతి ప్రాచీనమైన లివర్‌వర్ట్ మొక్కలను పరిశీలిస్తే వాటితో కాపురం చేస్తున్నది ఎండోగోనీ బంధువులైన వేరే శిలీంధ్రాలని తేలింది. రైనీ రాళ్లలోని హార్నియోఫైటన్ మొక్కలో రెండు వంశాల జాడలూ ఒకేచోట కనిపించాయని 2014లో మరో పరిశోధన చెప్పింది. గ్లోమస్ టెన్యూ అని దశాబ్దాలుగా పిలుస్తున్న సన్నని తంతువుల శిలీంధ్రం కూడా అసలు గ్లోమస్ వంశానిది కాదనీ ఎండోగోనీల వైపుదనీ 2017లో రుజువైంది. దానికిప్పుడు ప్లాంటికన్సార్షియమ్ అనే కొత్త ప్రజాతి పేరు. ఆదిలోనే ఇద్దరు భాగస్వాములున్నారన్నమాట. ఒకే పురాణపురుషుణ్ణి కోరుకునే కథకులకు ఇది నచ్చకపోవచ్చు.

వంశావళి చెప్పే సంగతుల్లో తెలుగువారిని అందరికంటే ఉలికిపాటుకు గురిచేయవలసింది మరొకటి ఉంది. 2021 వేసవిలో కోవిడ్ రెండో విడత నడుస్తుండగా 'బ్లాక్ ఫంగస్' అనే పేరు పత్రికల నిండా నిండింది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. చక్కెర వ్యాధి అదుపు తప్పినవారిలో, స్టెరాయిడ్లు వాడినవారిలో అది ముక్కు, కన్ను, దవడ ఎముకలను తినేసింది. ఆ పేరే ఒక తప్పు: నల్లబడేది చచ్చిపోయిన కండ, శిలీంధ్రం కాదు. దానికి ప్రధాన కారకమైన రైజోపస్, మ్యూకర్ వంటివి 2016 నాటి వర్గీకరణ ప్రకారం మ్యూకరోమైకోటాలోనివి. అంటే ఒక కుటుంబంలో కన్ను పోగొట్టిన బూజూ, అదే కుటుంబం పొలంలో వరి వేరుకు భాస్వరం మోసుకొస్తున్న నేస్తమూ ఒకే పెద్ద వర్గపు రెండు కొమ్మలు. ఆ కొమ్మలు విడిపోయి కోట్లాది ఏళ్లయింది. అయినా మూలం ఒక్కటే. పుట్టిన వర్గాన్ని బట్టి గుణాన్ని నిర్ణయించే ఏ వాదానికైనా ఇంతకంటే గట్టి జవాబు ప్రకృతిలో దొరకడం కష్టం.

రెండో రకమైన ఎక్టోమైకోరైజా వంశాల చరిత్ర మరింత నాటకీయం. వీటిలో అధికశాతం పూర్వీకులు చచ్చిన కట్టెనూ రాలిన ఆకునూ కుళ్లబెట్టి బతికినవి. 2015లో సుమారు 50 శిలీంధ్రాల జన్యుపటాలను పోల్చిన ఫ్రాన్సిస్ మార్టిన్ బృందపు పరిశోధనలో ఒకే రకమైన కథ పదేపదే కనిపించింది. చెట్టుతో ఒప్పందం కుదిరిన ప్రతి వంశమూ కట్టెను విరగ్గొట్టే ఎంజైముల్లో చాలావాటిని పోగొట్టుకుంది. చెట్టు పెట్టే తిండి దొరికాక సొంత పనిముట్లు తుప్పుపట్టాయి. ఆర్బస్క్యులర్ వంశం ఇంకా ముందుకు పోయి, కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే కీలక జన్యువులనే వదులుకుంది. కొవ్వు కోసం మొక్క మీదే ఆధారం. కనుక ఈ 'స్నేహం' వెనుక పరిత్యాగం ఉంది, పరాధీనత ఉంది, తిరిగి వెళ్లలేని దారి ఉంది. పుస్తకాలు పాడే సహకార గీతంలో ఈ విషాద స్వరం చాలావరకు వినిపించదు.

వైద్యులు ఎరిగిన ఉదాహరణ ఒకటుంది. డెత్ క్యాప్ అనే అమనీటా ఫాలాయిడిస్ తిన్నవారికి మొదట వాంతులు, విరేచనాలు; తరువాత ఒక రోజు తేరుకున్నట్టే ఉంటుంది; మూడో నాలుగో రోజుకు కాలేయం కూలిపోతుంది. అందులోని అమటాక్సిన్ కణం తన జన్యు సందేశాన్ని చదువుకునే యంత్రాన్నే ఆపేస్తుంది. ప్రపంచంలో పుట్టగొడుగుల విషంతో సంభవించే మరణాల్లో అధికభాగం దీని ఖాతాలోవే. అదే డెత్ క్యాప్ ఓక్ చెట్టుకు నమ్మకమైన మైకోరైజా భాగస్వామి. యూరప్ నుంచి చెట్ల వేళ్లతో పాటు కాలిఫోర్నియాకు చేరి అక్కడి చెట్లతోనూ కుదురుకుంది. అమనీటా ప్రజాతిలో కొన్ని జాతులు ఈనాటికీ గడ్డిని కుళ్లబెట్టి బతుకుతున్నాయి. చెట్టుతో చేరిన శాఖ ఒకేసారి పుట్టిందనీ, కుళ్లబెట్టే జన్యువులను శాశ్వతంగా పోగొట్టుకుందనీ 2012లో తేలింది. కుళ్లబెట్టే జాతులను వేరే ప్రజాతిగా విడదీయాలని 2016లో కొందరు ప్రతిపాదించగా మరికొందరు ఒప్పుకోలేదు. వృత్తి మారితే ఇంటిపేరు మార్చాలా అన్నదే ఆ తగవు సారాంశం.

ఆర్కిడ్ల విషయం వేరు. వాటి విత్తనాలు ధూళి వంటివి. లోపల తిండి నిల్వ ఉండదు. శిలీంధ్రం వచ్చి అన్నం పెడితేనే మొలక లేస్తుందని 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. ముప్పయ్యారేళ్లకే ఆయన మరణించాడు. ఆ అన్నదాత శిలీంధ్రాల్లో చాలావాటిని పాత పుస్తకాలు 'రైజాక్టోనియా' అన్నాయి. ఆ మాట తెలుగు రైతుకు పరోక్షంగా తెలుసు. వరిలో పాముపొడ తెగులు కలిగించేది రైజాక్టోనియా సొలానీ. అది ఆర్కిడ్‌ను సాకే సెరటోబేసిడియమ్‌లకు సన్నిహిత బంధువు. ఒక ఇంట్లో ఒకరు దాయాది పంట తగలబెడుతుంటే మరొకరు పూలతోట పెంచుతున్నారు. పైగా ఈ లావాదేవీలో మొలక దశలో అన్నీ పుచ్చుకునేది ఆర్కిడ్, ఇచ్చేది శిలీంధ్రం. ఎవరు ఉపకారి, ఎవరు పరాన్నజీవి అన్న ప్రశ్నకు జవాబు మొక్క వయసును బట్టి మారిపోతుంది.

ఇప్పుడు మళ్లీ పుస్తకాల దగ్గరికి వస్తే లోటు ఎక్కడుందో స్పష్టమవుతుంది. షెల్డ్రేక్‌కు ఈ వంశ వైవిధ్యం తెలియనిది కాదు. పనామా అడవుల్లో మైకోరైజా మీద పరిశోధన చేసినవాడు, రూపకాల ప్రమాదం గురించి పాఠకుణ్ణి హెచ్చరించినవాడు. అయినా పాఠకుడికి గుర్తుండేది రూపకమే. సిమార్డ్ పుస్తకంలోని తల్లి చెట్టు మరీ బలమైన రూపకం. దానికి ఆధారమైన 1997 నాటి 'నేచర్' పత్రం మాత్రం నిజానికి వర్గీకరణ మీదే నిలబడింది. సిమార్డ్ బృందం బర్చ్, డగ్లస్ ఫర్, ఎర్ర సెడార్ మొలకలను పక్కపక్కన పెంచింది. మొదటి రెండూ ఎక్టోమైకోరైజా శిలీంధ్రాలను పంచుకోగలవు. సెడార్‌ది ఆర్బస్క్యులర్ వంశం, కనుక ఆ వలలో అది చేరలేదు. గుర్తుపెట్టిన కార్బన్ సెడార్‌లోకి కొద్దిగానే వెళ్లడం వల్ల, మిగతా రెండిటి నడుమ జరిగినది ఎక్కువగా శిలీంధ్రాల ద్వారానే అని వాదించారు. అంటే ఆ ప్రయోగపు తర్కమంతా 'అడవి కింద ఒకే వల లేదు' అన్న సత్యం మీద ఆధారపడింది. అదే ప్రయోగం నుంచి 'అడవి అంతా ఒకే వల' అన్న లోకవాదం పుట్టడం విచిత్రం.

2023లో జస్టీన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా ఈ లోకవాదాన్ని నిశితంగా పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. అడవిలో చెట్ల నడుమ శిలీంధ్ర వలలు విస్తృతంగా ఉన్నాయనడానికీ, వాటి ద్వారా తల్లి చెట్లు పిల్లలకు తిండి పెడతాయనడానికీ క్షేత్ర పరిశోధనల ఆధారం చాలినంత లేదని వారి వాదన. మెలనీ జోన్స్ 1997 పత్రానికి సహరచయిత్రి కూడా. తన పేరున్న పని మీద లోకం కట్టిన మేడను తానే ప్రశ్నించడంలో ఉన్న శాస్త్రీయ నిజాయితీకి ఈ పుస్తకాల పాఠకులు ఇవ్వవలసినంత గౌరవం ఇవ్వలేదు. సిమార్డ్, ఆమె సమర్థకులు తమ పక్షం తాము చెప్పుకున్నారు. తీర్పు ఇంకా రావలసే ఉంది.

తల్లి చెట్టు కథను తెలుగు అడవుల మీదికి యథాతథంగా దింపే రచయితలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ కథకు పుట్టిల్లు ఎక్టోమైకోరైజా చెట్లు రాజ్యమేలే సమశీతోష్ణ అడవులు. టేకు, నల్లమద్ది, వేప, చింత వంటివి పెరిగే నల్లమల వంటి ఆకురాల్చు అడవుల్లో ఎక్కువ చెట్ల భాగస్వాములు ఆర్బస్క్యులర్ వంశానివి. శేషాచలం కొండల్లోని జాలారి, తంబ చెట్లు ఎక్టోమైకోరైజాకు పేరుపొందిన డిప్టెరోకార్ప్ కుటుంబానివి కనుక వాటి లెక్క వేరుగా చూడాలి. ఒకే కొండ మీద పక్కపక్కనే నిలబడిన రెండు చెట్లు నేల కింద రెండు వేర్వేరు ఏర్పాట్లలో ఉండవచ్చు. బ్రిటిష్ కొలంబియాలో పుట్టిన ఉపమానాన్ని నల్లమలకు తొడిగితే అడవి అర్థం కాదు. అద్దెకు తెచ్చిన చొక్కా మాత్రం కనిపిస్తుంది.

దీనికి ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. సామాన్య పాఠకుడికి గ్లోమస్, రైజోఫాగస్, మ్యూకరోమైకోటా వంటి నోరు తిరగని పేర్లెందుకు? అవి ప్రతి పదేళ్లకూ మారిపోతుంటే నమ్మకం ఎలా కుదురుతుంది? అడవిని ప్రేమించడానికి తల్లి అనే ఒక్క మాట చాలదా? ఈ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. ఆ ఒక్క మాటే ఎందరినో అడవి నరికివేతకు వ్యతిరేకంగా నిలబెట్టింది. కానీ ప్రేమకు పునాదిగా వేసిన ఉపమానం రేపు వీగిపోతే ప్రేమ కూడా దానితోపాటు కూలే ప్రమాదం ఉంది. చెట్టు తల్లి కాకపోయినా అడవి విలువైనదే అని చెప్పగలిగే వాదం కావాలి. ఆ వాదానికి దినుసులు ఉపమానంలో కంటే చరిత్రలోనే ఎక్కువ దొరుకుతాయి.

ఇక పేర్లు మారడం చంచలత్వం అనుకోవడం పొరపాటు. కెనడాలోని క్యుబెక్‌లో దొరికిన ఒక శిలీంధ్రపు నమూనాను ఏళ్ల తరబడి ప్రయోగశాలలన్నీ 'గ్లోమస్ ఇంట్రారాడిసిస్' అన్నాయి. ఫ్లోరిడా నారింజ తోటల్లోంచి 1982లో వర్ణించిన అసలు ఇంట్రారాడిసిస్ ఇది కాదని 2009లో స్టాకింగర్, వాకర్, ష్యూస్లర్ నిరూపించారు. ఇప్పుడు దాని పేరు రైజోఫాగస్ ఇర్రెగ్యులారిస్. దాన్నీ కొందరు రైజోగ్లోమస్ అంటున్నారు. అన్నాళ్లూ వందలాది పరిశోధన పత్రాల మీద తప్పు పేరు అచ్చయిందని బహిరంగంగా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. తప్పు చీటీ అంటించిన మందుసీసాను సరిచేసినందుకు మందుల కొట్టువాణ్ణి ఎవరూ తప్పుపట్టరు.

తెలుగు నేల మీద ఈ చీటీల సంగతి పుస్తకాల గొడవగా మిగలదు. రైతులకు జీవన ఎరువుగా అమ్మే మైకోరైజా సంచుల మీదా, వ్యవసాయ కరపత్రాల్లోనూ 'వామ్' అన్న పేరు ఈనాటికీ కనిపిస్తుంది. అందులోని తొలి అక్షరం వెసికిల్ అనే బుడగను సూచిస్తుంది. గిగాస్పోరా, స్క్యూటెల్లోస్పోరా వంటివి వేరులో ఆ బుడగలను చేయవని తెలిశాక శాస్త్రవేత్తలు ఆ అక్షరాన్ని ఏనాడో వదిలేశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబమూ, తోటకూర, పాలకూర, బీట్‌రూట్ కుటుంబమూ పరిణామక్రమంలో ఈ స్నేహాన్ని చాలావరకు వదులుకున్నాయి. ఆ పంటలకు వామ్ సంచి కొన్న రైతు డబ్బు మట్టిపాలే. పైన్, యూకలిప్టస్ మొక్కలకు ఉపకరించే ఎక్టో శిలీంధ్రం మిరపకు పనికిరాదు. ఏ వంశం, ఏ పంటకు అని అడగడం నేర్పితే అది రైతు జేబును కాపాడుతుంది. 'మైకోరైజా మంచిది' అన్న ఒక్క వాక్యం అమ్మేవాడి జేబును మాత్రమే నింపుతుంది.

ఈ పుస్తకాలను చదవవద్దని ఎవరూ అనరు. షెల్డ్రేక్ వచనం, సిమార్డ్ జీవితకథ తప్పక చదవదగినవి. వాటి స్ఫూర్తితో తెలుగులో రాయబోయేవారు మాత్రం ఒక అధ్యాయం అదనంగా కలపాలి: ఈ శిలీంధ్రాలు ఎవరి బిడ్డలు, ఏ వృత్తి మానుకుని ఈ వృత్తిలోకి వచ్చాయి, వచ్చేటప్పుడు ఏమేమి వదులుకున్నాయి అన్న అధ్యాయం. అందులో వేరును తినేదని నిందపడిన ఉపకారి ఉంటుంది, కాలేయాన్ని కూల్చే నేస్తం ఉంటుంది, పాముపొడకు చుట్టమైన అన్నదాత ఉంటుంది. రైనీ రాళ్లలో ఒకే మొక్కను పంచుకున్న రెండు వంశాలూ ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ పుట్టుకతో మంచిది కాదు, చెడ్డదీ కాదు. అవన్నీ ఉన్న పుస్తకం తెలుగులో ఇంకా రావలసే ఉంది.